ఫోన్ రీకాల్ అయితే కంపెనీ పేరు పోతుందా? నోట్ 7 నుంచి పిక్సెల్ 6ఏ దాకా

బ్యాటరీలు అంటుకుంటున్నాయని 2016 అక్టోబర్‌లో గెలాక్సీ నోట్ 7 ఫోన్ తయారీని శాంసంగ్ పూర్తిగా ఆపేసిన రోజులవి. అమెరికాలో బ్రాండింగ్ బ్రాండ్ అనే సంస్థ శాంసంగ్ ఫోన్లు వాడే సుమారు వెయ్యి మందిని కదిపితే, ఇక ఈ కంపెనీ ఫోన్ కొనేది లేదని 40 శాతం మంది తెగేసి చెప్పారు. కొన్ని వారాల ముందు, మొదటి రీకాల్ తర్వాత, అంటే లోపమున్న ఫోన్లను కంపెనీ మొదటిసారి వెనక్కి పిలిచాక, ఆ మాట అన్నవాళ్లు 34 శాతమే. నెల తిరిగేసరికి వార్తా సంస్థ రాయిటర్స్, సర్వే సంస్థ ఇప్సోస్ కలిసి చేసిన సర్వేలో లెక్క తారుమారైంది. శాంసంగ్ వాడకందార్లలో 91 శాతం మంది మళ్లీ అదే కంపెనీ ఫోన్ కొనే అవకాశం ఉందన్నారు. విడ్డూరం ఏమిటంటే, ఫోన్ కొనాలంటే ముందు శాంసంగే చూస్తామన్నవాళ్లు రీకాల్ సంగతి తెలిసినవాళ్లలో 27 శాతం ఉంటే, ఆ సంగతే తెలియనివాళ్లలో 25 శాతం ఉన్నారు.

రెండు సర్వేల్లో ఏదో ఒకటి తప్పు అనుకోనక్కర్లేదు. ఇంకా మంటల వార్తలు వస్తుండగా అడిగితే ఒక జవాబు, ఫోన్ వాపసు చేసి డబ్బో కొత్త ఫోనో చేతికొచ్చాక అడిగితే ఇంకో జవాబు. సొంత డబ్బుతో కొన్న మనిషి తీర్పు ఒక రకం, టీవీలో చూసిన మనిషి తీర్పు ఇంకో రకం. రీకాల్ వల్ల ఫోన్ పరువు ఎంత పోయిందో తేల్చాలంటే ఈ ముడులు విడదీయాలి. నోట్ 7 కథలో తేలేది ఇది: లోపం బయటపడినందుకు పోయిన పరువు కొంతే. సురక్షితం అని చెప్పి చేతికిచ్చిన రెండో ఫోన్ కూడా కాలినందుకు పోయింది చాలా ఎక్కువ. ఫోన్ కొన్నవాళ్లు క్షమించినంత తొందరగా, కొననివాళ్లు మరచిపోలేదు.

డెబ్బై రోజుల్లో రెండు రీకాల్‌లు

2016 ఆగస్టు 2న న్యూయార్క్‌లో నోట్ 7ను చూపించారు. ఆగస్టు 19న అమెరికా, దక్షిణ కొరియా వంటి దేశాల్లో అమ్మకాలు మొదలయ్యాయి. కనుపాపను చూసి తాళం తీసే స్కానర్, నీళ్లలో పడినా పాడవని నిర్మాణం, తెర మీద రాసే ఎస్ పెన్, అంచులు వంగిన 5.7 అంగుళాల తెర. అంతకు ముందు వచ్చిన నోట్ 5లో బ్యాటరీ సామర్థ్యం 3,000 ఎంఏహెచ్, ఇందులో 3,500. ఆ ఏడాది వచ్చిన ఫోన్లలో ఇదే మేటి అని సమీక్షకులు చాలామంది రాశారు. ఈ మెచ్చుకోలు గుర్తుంచుకోవాలి, తర్వాత పని చేసింది ఇదే.

సెప్టెంబర్ 2న శాంసంగ్ అమ్మకాలు ఆపి, 25 లక్షల ఫోన్లు మార్చి ఇస్తామంది. అప్పటికి కంపెనీకి అందిన ఘటనలు 35. పది లక్షల్లో 24 ఫోన్లకే సమస్య అని లెక్క చెప్పింది. రెండు వారాలకే స్వచ్ఛందంగా ముందుకొచ్చింది కాబట్టి మొదట్లో మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఆ ప్రకటనలో కీలకమైన మాట లేదు: ఫోన్ ఇప్పుడే ఆపేయండి అని. అమెరికాలో ఇలాంటి రీకాల్ వినియోగ వస్తువుల భద్రతా సంస్థ, అంటే సీపీఎస్‌సీ, ద్వారా జరగాలి. అది జరిగితేనే ఆ వస్తువును అమ్మడం చట్టవిరుద్ధం అవుతుంది. శాంసంగ్ తనంతట తానే ప్రకటించేయడంతో సంస్థ అధ్యక్షుడు ఎలియట్ కే బాహాటంగానే తప్పుపట్టారు. ఫోన్ ఆపేసి వాడకం మానేయమని సీపీఎస్‌సీ చెప్పింది సెప్టెంబర్ 9న, అధికారిక రీకాల్ వచ్చింది 15న. అప్పటికి అమెరికాలో 92 ఫోన్లు వేడెక్కినట్టు, 26 మందికి కాలిన గాయాలైనట్టు, 55 చోట్ల ఆస్తి నష్టమైనట్టు ఫిర్యాదులు అందాయి.

ఆ రెండు వారాలూ యజమాని పరిస్థితి ఆలోచించండి. ఫోన్ ప్రమాదకరం అంటున్నారు, మార్చి ఇచ్చే ఫోన్లు దుకాణంలో లేవు, మొదటి వారమంతా ఆపేయమని ఎవరూ గట్టిగా చెప్పలేదు. చాలామంది వాడుతూనే ఉన్నారు. ఇక్కడ జనం నిర్లక్ష్యం కంటే సమాచారంలో ఉన్న కంతే పెద్దది.

మార్చి ఇచ్చిన ఫోన్లను గుర్తుపట్టడానికి తెర మీది బ్యాటరీ గుర్తును తెలుపు నుంచి ఆకుపచ్చకు మార్చారు. పెట్టె లేబుల్ మీద చిన్న నల్ల చతురస్రం వేశారు. మంచి ఆలోచనే. ఆకుపచ్చ కనిపిస్తే నిశ్చింత అని లక్షల మంది నమ్మారు. ఆ నమ్మకం రెండు వారాలు నిలిచింది. అక్టోబర్ 5న లూయీవిల్ నుంచి బాల్టిమోర్ వెళ్లాల్సిన సౌత్‌వెస్ట్ విమానంలో, ఇంకా గాల్లోకి లేవకముందే, మార్చి ఇచ్చిన నోట్ 7 పొగ కక్కింది. ప్రయాణికులను దించేశారు. తర్వాత నాలుగైదు రోజుల్లో అలాంటివే మరికొన్ని. అక్టోబర్ 9న అమెరికా మొబైల్ నెట్‌వర్క్ సంస్థలు ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ ఈ ఫోన్లు ఇవ్వడం మానేశాయి. 11న శాంసంగ్ తయారీయే ఆపేసింది. 13న సీపీఎస్‌సీ రీకాల్‌ను 19 లక్షల ఫోన్లకు పెంచింది. మర్నాడు అమెరికా రవాణా శాఖ నోట్ 7ను విమానాల్లోకి తేవడమే నిషేధించింది, స్విచాఫ్ చేసి జేబులో పెట్టుకున్నా సరే.

రెండు బ్యాటరీలు, రెండు వేర్వేరు తప్పులు

లిథియం అయాన్ బ్యాటరీలో పాజిటివ్, నెగటివ్ పొరలను విడిగా ఉంచేది సెపరేటర్ అనే పలుచని ప్లాస్టిక్ పొర. మందం సాధారణంగా 20 మైక్రాన్ల లోపే. ఆ రెండు పొరలూ ఒక్క చోట తాకినా అక్కడ షార్ట్ సర్క్యూట్ అయి వేడి పుడుతుంది. 130 డిగ్రీల ప్రాంతంలో సెపరేటర్ కరగడం మొదలవుతుంది, షార్ట్ ఇంకా పెద్దదవుతుంది, లోపలి ద్రావకం మండే స్వభావం ఉన్నది కాబట్టి అంటుకుంటుంది. అక్కడి నుంచి వేడి తనను తానే పెంచుకుంటూ పోతుంది. ఛార్జర్ తీసినా ఆగదు, స్విచాఫ్ చేసినా ఆగదు. 3,500 ఎంఏహెచ్ అంటే సుమారు 13 వాట్ అవర్ల శక్తి. అది గంటల తరబడి కాకుండా కొన్ని సెకన్లలో బయటపడుతుంది.

2017 జనవరి 23న సియోల్‌లో మొబైల్ విభాగం అధిపతి కో డాంగ్-జిన్ కారణాలు వివరించారు. 700 మంది ఇంజనీర్లు, సిబ్బంది 2 లక్షల ఫోన్లనూ 30 వేల బ్యాటరీలనూ పరీక్షించారు. ఎక్స్‌పోనెంట్, యూఎల్, టీయూవీ రైన్‌లాండ్ అనే బయటి సంస్థలూ విడిగా చూశాయి. మొదటి రకం బ్యాటరీలు శాంసంగ్ సొంత గ్రూపు సంస్థ ఎస్‌డీఐ చేసినవి. వాటిలో పై కుడి మూల చోటు చాలక నెగటివ్ పొర కొస వంగిపోయింది, ఒత్తిడికి సెపరేటర్ దెబ్బతింది. రెండో రకం ఏటీఎల్ సంస్థవి, మార్చి ఇచ్చిన ఫోన్లలో వేసినవి. వాటిలో పాజిటివ్ వైపు అతుకు దగ్గర వెల్డింగ్ మిగిల్చిన లోహపు ముళ్లు ఎత్తుగా ఉండి, ఇన్సులేషన్ టేపునూ సెపరేటర్‌నూ పొడుచుకుని అవతలి పొరను తాకాయి. కొన్నిటిలో ఆ టేపే లేదు.

అంటే మొదటి సమస్యకు వెతికిన మందే రెండో సమస్య. సరఫరాదారును మార్చితే చాలనుకున్నారు. అప్పటికింకా అసలు కారణం పూర్తిగా తేలలేదు. కారణం తేలకుండా సురక్షితం అని ముద్ర వేయడం ఇంజనీరింగ్ తప్పు కంటే పెద్ద తప్పు. పరువు లెక్కలో శాంసంగ్ కట్టిన మూల్యంలో సింహభాగం దీనిదే అని నా అంచనా. 34 శాతం 40 కావడంలోనూ అదే కనిపిస్తుంది.

పది లక్షల్లో 24 అనే లెక్క గురించి కూడా ఒక మాట. అక్టోబర్‌లో సీపీఎస్‌సీ చెప్పిన అంకెలు తీసుకుంటే 19 లక్షల ఫోన్లకు 96 ఘటనలు, సుమారు 20 వేలలో ఒకటి. చూడ్డానికి చిన్నదే. కానీ ఇది మొదటి రెండు నెలల లెక్క. ఫోన్‌ను కనీసం రెండేళ్లు వాడతాం, బ్యాటరీ వయసు పెరిగేకొద్దీ లోపల ఒత్తిళ్లు పెరుగుతాయి. మొదటి వారాల లెక్క చూపించి ప్రమాదం తక్కువ అని సర్దిచెప్పే ప్రకటన ఎవరు చేసినా, ఎన్ని రోజుల వాడకం మీద ఆ లెక్క అని అడగాలి.

పరువు ఒక్కటి కాదు, నాలుగు పొరలు

అట్టడుగు పొర ఆ మోడల్. నోట్ 7 అనే పేరు పూర్తిగా పోయింది. బాగుచేసి 3,200 ఎంఏహెచ్ బ్యాటరీతో 2017 జులైలో కొరియాలో మళ్లీ అమ్మినప్పుడు దాని పేరు నోట్ ఎఫ్ఈ, ఫ్యాన్ ఎడిషన్. 4 లక్షల ఫోన్లు, ఒక్కోటి 6,99,600 వోన్లు. అదే తెర, అదే పెన్, అదే డిజైన్. పేరు మారింది, బ్యాటరీ చిన్నదైంది, జనం కొన్నారు. ఫోన్ మీద ఇష్టం చావలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

దాని మీది పొర ఆ వరుస, అంటే నోట్ కుటుంబం. ఇక నోట్ అనే పేరే వదిలేస్తారని అప్పట్లో చాలామంది జోస్యం చెప్పారు. 2017 ఆగస్టు 23న నోట్ 8 వచ్చింది. బ్యాటరీ 3,300కు తగ్గించారు. మొదటి ఐదు రోజుల్లో 40 దేశాల్లో 6.5 లక్షల ముందస్తు ఆర్డర్లు వచ్చాయని కంపెనీ చెప్పింది, నోట్ వరుసలో అప్పటికి అదే ఎక్కువ. పెన్‌తో రాసే పెద్ద ఫోన్ కావాలనుకునేవాళ్లకు ఇంకో కంపెనీలో సరితూగేది దొరకలేదు. విధేయత అంటాం గానీ, అందులో సగం ప్రత్యామ్నాయం లేకపోవడమే.

మూడో పొర కంపెనీ. ఇక్కడ దెబ్బ కొనుగోళ్లలో కంటే అభిప్రాయాల్లో ఎక్కువ కనిపించింది. అమెరికాలో ఏటా జరిగే హారిస్ పోల్ పరువు జాబితాలో 2016లో 7వ స్థానంలో ఉన్న శాంసంగ్ 2017లో 49కి జారింది. ఆ జాబితాకు జవాబిచ్చేది సాధారణ జనం, నోట్ 7 కొన్నవాళ్లు వాళ్లలో పిడికెడు కూడా ఉండరు. ఫోన్ల అమ్మకాల్లో మాత్రం, మార్కెట్ పరిశోధన సంస్థ గార్ట్‌నర్ లెక్క ప్రకారం, 2016 చివరి మూడు నెలల్లో యాపిల్ 7.70 కోట్లు, శాంసంగ్ 7.68 కోట్లు. మొదటి స్థానం వెంట్రుకవాసిలో పోయింది, మరుసటి మూడు నెలల్లో తిరిగొచ్చింది. 2019 నాటికి హారిస్ జాబితాలోనూ మళ్లీ 7వ స్థానం.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పుకోవచ్చు. 2016 మూడో త్రైమాసిక లాభం అంచనాను శాంసంగ్ 2.6 లక్షల కోట్ల వోన్లు తగ్గించింది. తర్వాతి రెండు త్రైమాసికాల్లో మరో 3.5 లక్షల కోట్లు పోతాయంది. మొబైల్ విభాగం లాభం అంతకు ముందు ఏడాది ఇదే కాలంలో 2.4 లక్షల కోట్ల వోన్లు ఉన్నది, 10 వేల కోట్లకు పడిపోయింది. అయినా ఆ ఏడాది చివరి త్రైమాసికంలో కంపెనీ మొత్తం లాభం మూడేళ్లలో అత్యధికం, మెమరీ చిప్‌ల పుణ్యమా అని. ఫోన్లు మాత్రమే చేసే చిన్న కంపెనీకి ఇదే జరిగితే కోలుకునే కథ రాయాల్సిన పని ఉండేది కాదు.

నాలుగో పొర చూపరులది. విమానం తలుపు మూశాక, ఈ ఫలానా ఫోన్ ఉంటే ఆపేయండి అని నెలల తరబడి ప్రకటించారు. కంపెనీ పేరు, మోడల్ పేరు, పక్కనే నిప్పు అనే మాట. ఎన్ని కోట్లు పోసినా అంత ఖచ్చితంగా జనం చెవిన పడే ప్రకటన ఉండదు, అదీ వ్యతిరేకంగా. మన దగ్గర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా సెప్టెంబర్ 9న విమానాల్లో నోట్ 7 వాడకాన్ని నిషేధించింది. ఆ నెల 23న సింగపూర్ నుంచి చెన్నై వస్తున్న ఇండిగో విమానంలో పైన సామాను పెట్టే చోటి నుంచి పొగ వచ్చింది. తీరా చూస్తే అది నోట్ 2, 2012 నాటి ఫోన్. నోట్ 7 గొడవ లేకపోతే ఆ వార్త లోపలి పేజీలో రెండు పంక్తులకు మించేది కాదు. ఆ వారం మాత్రం డీజీసీఏ శాంసంగ్ అధికారులను పిలిపించింది. రీకాల్ జరిగిన కంపెనీ పాత ఫోన్లు కూడా కొత్త కళ్లతో కనిపిస్తాయి.

యజమానులు ఎందుకు వదలలేదు

ప్రేమ వల్ల కొంత, లెక్క వల్ల కొంత. రెండో రీకాల్‌లో అమెరికా యజమానికి రెండు దారులు ఇచ్చారు. డబ్బు వెనక్కి తీసుకున్నా, వేరే కంపెనీ ఫోన్‌కు మారినా 25 డాలర్లు అదనం. ఇంకో శాంసంగ్ ఫోన్ తీసుకుంటే 100 డాలర్ల దాకా. కొరియాలో 30 వేల వోన్ల కూపన్, శాంసంగ్‌లోనే ఉంటే మరో 70 వేలు. రీకాల్ సమయంలో కస్టమర్ కోపంగా దుకాణానికి వస్తాడు, అయినా వస్తాడు. ఆ కౌంటర్ దగ్గరే అతని తర్వాతి ఫోన్ ఏదో తేలిపోతుంది. పాత ఫొటోలు, కాంటాక్ట్‌లు, యాప్‌లు కొత్త శాంసంగ్‌లోకి సులువుగా మారతాయి. ఇది ఆలోచిస్తే, నవంబర్ సర్వేలో 91 శాతం అంత వింతగా అనిపించదు.

వాపసు పద్ధతి కూడా పరువును నిర్ణయిస్తుంది. రీకాల్ అయిన లిథియం బ్యాటరీని విమానంలో పంపకూడదు. అందుకే వేడి తట్టుకునే పొర ఉన్న పెట్టె, లోపల ఇంకో పెట్టె, చేతి తొడుగులు కలిపి యజమాని ఇంటికి పంపారు. రోడ్డు మార్గంలోనే పంపాలని పైన రాసి ఉంది. జాగ్రత్త సరైనదే. కానీ నిన్నటిదాకా చెవికి ఆనించుకున్న వస్తువును తొడుగులు వేసుకుని పెట్టెలో పెట్టమంటే యజమానికి ఏమనిపిస్తుందో చెప్పక్కర్లేదు. ఆ పెట్టెల ఫొటోలు కూడా బాగా తిరిగాయి.

అన్నిటికంటే ఆశ్చర్యం, ఇంత జరిగినా ఇవ్వనివాళ్లు ఉన్నారు. డిసెంబర్ మొదట్లో అమెరికాలో 93 శాతమే తిరిగొచ్చాయి. మిగతా 7 శాతం అంటే లక్షకు పైగా ఫోన్లు. కంపెనీ ముందు ఛార్జింగ్‌ను 60 శాతానికి పరిమితం చేసే అప్‌డేట్ పంపింది. న్యూజిలాండ్‌లో నవంబర్‌లో నెట్‌వర్క్‌లే ఆ ఫోన్లను అడ్డుకున్నాయి. అమెరికాలో డిసెంబర్ 19 నుంచి అసలు ఛార్జ్ కాకుండా చేశారు. పండుగ ప్రయాణాల్లో అత్యవసర ఫోన్‌కు కూడా వీలు లేకుండా పోతుందని నెట్‌వర్క్ సంస్థ వెరైజన్ మొదట ఒప్పుకోలేదు, జనవరిలో పంపింది. ప్రమాదం అని తెలిసీ ఫోన్ అట్టిపెట్టుకునేంత ఇష్టం. భద్రతా అధికారులకు తలనొప్పి, మార్కెటింగ్ వాళ్లకు రహస్య సంతోషం.

చైనా కథ వేరు. అక్కడ సెప్టెంబర్ 1న అమ్మకాలు మొదలైనప్పుడు, వీటిలో బ్యాటరీ వేరే సంస్థది, భయం లేదు అన్నారు. అక్టోబర్‌లో అక్కడా 1,90,984 ఫోన్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. అమెరికా వాళ్లకో న్యాయం, మాకో న్యాయమా అన్న కోపం రాజుకుంది. 2013లో చైనా మార్కెట్‌లో అయిదో వంతు ఉన్న శాంసంగ్ వాటా కొన్నేళ్లలోనే ఒక శాతం దగ్గరికి పడిపోయింది. ఇదంతా నోట్ 7 పాపమే అనడం సరికాదు. హువావే, ఒప్పో, వివో తక్కువ ధరకు మంచి ఫోన్లు ఇస్తున్నాయి, దక్షిణ కొరియాలో అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థ మీద రాజకీయ గొడవా నడిచింది. అయితే ప్రత్యామ్నాయాలు పుష్కలంగా ఉన్న చోట రీకాల్ ఎంత ఖరీదో ఇది చెబుతుంది. అమెరికాలో ఖరీదైన ఫోన్లలో శాంసంగ్ వదిలితే మిగిలింది ప్రధానంగా ఐఫోనే. చైనాలో దుకాణం నిండా ఉన్నాయి.

మన దేశంలో: యజమానులు లేని రీకాల్, అంతకు ముందు నోకియా

భారత్‌లో నోట్ 7 ధర 59,900 రూపాయలని ప్రకటించి, సెప్టెంబర్ 2న అమ్మకాలు పెట్టుకున్నారు. సరిగ్గా అదే రోజు ప్రపంచవ్యాప్తంగా ఆపేశారు. ముందే బుక్ చేసుకున్నవాళ్లు ఎదురుచూసి వేరే ఫోన్‌కు మారారు. విదేశాల్లో కొని తెచ్చుకున్నవాళ్లను మినహాయిస్తే ఇక్కడ యజమానులే లేరు. అంటే మన దగ్గర దాని చెడ్డపేరు మొత్తం చూపరులు మోసినదే. అయినా 2017లో ఎక్కువ భాగం ఇక్కడ మొదటి స్థానం శాంసంగ్‌దే. ఆ ఏడాది చివర్లో షావోమీ దాన్ని అందుకుంది పది వేల రూపాయల రెడ్‌మీ ఫోన్లతో, బ్యాటరీ భయంతో కాదు.

మన వాళ్లకు నిజంగా అనుభవం ఉన్న రీకాల్ 2007 నాటిది. ఆగస్టు 14న నోకియా, తమ బీఎల్-5సీ బ్యాటరీల్లో మత్సుషితా సంస్థ 2005 డిసెంబర్ నుంచి 2006 నవంబర్ మధ్య చేసిన 4.6 కోట్లు ఛార్జింగ్‌లో వేడెక్కవచ్చని ప్రకటించింది. ప్రపంచం మొత్తం మీద అప్పటికి సుమారు వంద ఘటనలు, పెద్ద గాయాలేవీ లేవు. సంఖ్యలో నోట్ 7కు దాదాపు ఇరవై రెట్లు. అప్పట్లో మన దగ్గర నోకియాయే రాజు, ఆ బ్యాటరీ చాలా మోడళ్లలో ఉండేది. టీవీ చానళ్లు హోరెత్తించాయి, నోకియా కేర్ సెంటర్ల ముందు బారులు తీరారు. కానీ పరువు? ఆ తర్వాత కూడా కొన్నేళ్లు ఇక్కడ నోకియాను కదిలించినవాళ్లు లేరు. అది పడిపోయింది ఆండ్రాయిడ్ వచ్చాక, వేరే కారణాలతో.

తేడా ఎక్కడంటే, వెనక మూత తీస్తే బ్యాటరీ చేతిలోకి వస్తుంది. దాని మీద 26 అంకెల, అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది చూసుకుంటే మీది ఆ జాబితాలో ఉందో లేదో తేలిపోతుంది. ఉంటే బ్యాటరీ ఒక్కటే మార్చుకుంటారు, ఫోన్, నంబర్లు, మెసేజ్‌లు మీ దగ్గరే ఉంటాయి. తప్పు ఫలానా కర్మాగారంలో ఫలానా నెలల్లో జరిగిందని మొదటి రోజే చెప్పారు, ఆ మాట తర్వాత మారలేదు. నోట్ 7లో బ్యాటరీ జిగురుతో లోపల అతికించి ఉంది, కాబట్టి బ్యాటరీ తప్పు ఫోన్ మొత్తం తప్పయింది. మూత తెరుచుకోని ఫోన్లు వచ్చాక ప్రతి బ్యాటరీ లోపమూ మోడల్ పేరు మీదికే వస్తోంది.

ఇప్పటి పద్ధతి: అప్‌డేట్ రూపంలో రీకాల్

నోట్ 7 తర్వాత కంపెనీలు నేర్చుకున్నది ఒకటుంది. ఫోన్‌ను వెనక్కి పిలవకుండా, సాఫ్ట్‌వేర్‌తో బ్యాటరీని తక్కువ ఛార్జ్ అయ్యేలా చేస్తే మంటల ఫొటోలు రావు, విమానాల్లో ప్రకటనలు ఉండవు. గూగుల్ 2025 జనవరి 8 నుంచి పిక్సెల్ 4ఏకు అలాంటి అప్‌డేట్ పంపింది. బ్యాటరీ పనితీరు కార్యక్రమం అని పేరు పెట్టింది. కొందరి ఫోన్లలో బ్యాటరీ నిలిచే సమయం రాత్రికి రాత్రి దాదాపు సగమైంది. ఎందుకో మొదట స్పష్టంగా చెప్పలేదు. వేడెక్కి నిప్పు, కాలిన గాయాల ప్రమాదం ఉండవచ్చని ఆస్ట్రేలియా ప్రభుత్వ రీకాల్ నోటీసులో వచ్చాకే చాలామందికి విషయం అర్థమైంది. అదే ఏడాది జులై 8న పిక్సెల్ 6ఏ వంతు. ఈసారి వేడెక్కే ప్రమాదం తగ్గించడానికే అని గూగుల్ నేరుగా చెప్పింది. 400 ఛార్జింగ్ సైకిళ్లు, అంటే 400 సార్లు పూర్తిగా ఛార్జ్ చేసినంత వాడకం, దాటిన బ్యాటరీల సామర్థ్యం, ఛార్జింగ్ వేగం తగ్గుతాయి. ప్రభావం పడే ఫోన్లకు ఉచితంగా బ్యాటరీ మార్చే దేశాల్లో భారత్ కూడా ఉంది.

పరువు కోణంలో ఇది తెలివైన పనా? నా లెక్కలో సగమే. చూపరులకు ఏమీ తెలియదు కాబట్టి కంపెనీ పేరు పెద్దగా చెడదు. కానీ యజమాని వైపు నుంచి చూడండి. నిన్న రోజంతా వచ్చిన ఛార్జింగ్ ఈరోజు మధ్యాహ్నానికే అయిపోతోంది, అతన్ని అడక్కుండా, తిరిగి పాత స్థితికి వెళ్లే దారి లేకుండా. నోట్ 7లో యజమానికి పూర్తి డబ్బు వచ్చింది, ఇక్కడ సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగడం వచ్చింది. ఈ దారిలో దెబ్బ చూపరుల మీద నుంచి యజమానుల మీదికి మారుతుంది, వాళ్లే రేపు అదే కంపెనీ ఫోన్ కొనాల్సినవాళ్లు.

మీ ఫోన్ జాబితాలో ఉంటే

ముందు మీ ఫోన్ నిజంగా అందులో ఉందో తేల్చుకోండి. *#06# నొక్కితే ఐఎంఈఐ, అంటే మీ ఫోన్ గుర్తింపు సంఖ్య, వస్తుంది. దాన్ని కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనే ఇవ్వండి, వాట్సాప్‌లో వచ్చిన లింకులో కాదు. రీకాల్ వార్త రాగానే దొంగ లింకులు పుట్టుకొస్తాయి. ఒకే మోడల్‌లో కొన్ని బ్యాచ్‌లకే సమస్య ఉండొచ్చు, పిక్సెల్ 6ఏలోనూ అన్ని ఫోన్లూ లేవు.

ఉందని తేలితే ఛార్జింగ్ మానేయండి. డేటా వేరే చోటికి కాపీ చేసుకుని, ఆలస్యం చేయకుండా స్విచాఫ్ చేయండి. బ్యాటరీలో శక్తి తక్కువ ఉంటే, అంటుకున్నా తీవ్రత తక్కువ. వెనక మూత ఉబ్బినా, తెర అంచు లేచినా, తియ్యటి రసాయనపు వాసన వచ్చినా ఇక ఛార్జర్ పెట్టొద్దు. ఉబ్బిన చోట నొక్కొద్దు, సూదితో గుచ్చొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. గచ్చు మీద, కర్టెన్లకూ కాగితాలకూ దూరంగా ఉంచండి. పొగ మొదలైతే చేత్తో పట్టుకోకుండా ముందు కరెంటు ఆపండి, తర్వాత నీళ్లు పోయవచ్చు. మంట ఆరిందనిపించినా మళ్లీ రాజుకోవచ్చు, గది తలుపులు తెరిచి బయటికి రండి, ఆ పొగ పీల్చకూడదు.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు బిల్లు, ఐఎంఈఐ స్క్రీన్‌షాట్, కంపెనీ నోటీసు కాపీ తీసుకెళ్లండి. ఫోన్ ఇచ్చేముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. తెర పగిలి ఉంటే, నీళ్లు తగిలి ఉంటే ఉచిత మార్పిడి నిరాకరించడమో, దానికి విడిగా డబ్బు అడగడమో జరుగుతుంటుంది. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. ఫోన్ తీసుకున్నట్టు వాళ్లిచ్చే జాబ్ షీట్ మీద రీకాల్ లేదా బ్యాటరీ కార్యక్రమం కింద తీసుకున్నట్టు రాయించుకోండి, మామూలు రిపేర్ అని రాస్తే తర్వాత అడగడానికి ఆధారం ఉండదు. కొరియర్‌లో పంపాల్సి వస్తే లోపల రీకాల్ బ్యాటరీ ఉందని చెప్పండి.

కంపెనీ స్పందించకపోతే 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు తీసుకుంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకోవాలనీ డబ్బు తిరిగివ్వాలనీ ఆదేశించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. అంటే కంపెనీ తనంతట తాను ప్రకటించేదాకా ఆగాల్సిన పని లేదు. బయట బ్యాటరీ వేయించుకునేవాళ్లు దాని మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య చూడాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే అసలుదో నకిలీదో తెలుస్తుంది.

పాత ఫోన్ కొనేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. రీకాల్ తర్వాత ఆ మోడల్ ధర పడిపోయి, ఆకర్షణీయంగా కనిపిస్తుంది. పిక్సెల్ 6ఏ చవగ్గా దొరికితే, బ్యాటరీ ఇప్పటికే మార్చారా, మార్చితే గూగుల్ అధీకృత కేంద్రంలోనేనా అని అడిగి బిల్లు చూడండి. ఉచిత మార్పిడికి గడువు 2026 జులై 8. అది దాటాక, బ్యాటరీ మార్చని ఫోన్ ఎంత తక్కువకు వచ్చినా, ఆ ధరకు కొత్త బ్యాటరీ ఖర్చు కలిపి లెక్కేసుకోవాలి.